దీనమ్మ పిడికెడు బియ్యం

అనగనగా గోదారి మధ్యన ఒక లంక ఊళ్ళో దీనమ్మ అని ఒకావిడ ఉండేది బంగారూ. మొగుడు ఏసోబు, ఇద్దరు పిల్లలు. కూలి చేసుకుని బతికేవాళ్ళు.

దీనమ్మ అన్నానికి బియ్యం కొలిచినప్పుడల్లా అందులోంచి ఒక పిడికెడు తీసేది. కళ్ళు మూసుకుని చిన్న ప్రార్థన చేసి, ఆ పిడికెడూ దేవుడి కోసమని విడిగా పెట్టుకున్న కుండలో వేసేది. ఆదివారం ఆ కుండ చర్చికి తీసుకెళ్ళి, ఆరాధన అయ్యాక సలోమమ్మ పాకలో పోసి వచ్చేది. సలోమమ్మ ముసలావిడ. కళ్ళు కనిపించవు, నా అన్నవాళ్ళు లేరు.

అలా ఉండగా నాట్లు వచ్చాయి. తెల్లారకుండానే పొలానికి పరుగు. రేపు రెండు పిడికిళ్ళు వేద్దాంలే అనుకుని దీనమ్మ ఆ రోజు మానేసింది. దాంతోపాటు ప్రార్థనా మానేసింది. నువ్వు రేపు చదువుతానంటావే, అలాంటి రేపే అది.

ఆ తర్వాత ఒళ్ళు నొప్పులని ఒకరోజు మానేసింది. ఆ తర్వాత నొప్పీ లేదు, తొందరా లేదు, ఊరికే మానేసింది. నాకు భయం వేసేది ఆ మూడోదానికే. విశ్వాసం పోయేటప్పుడు చప్పుడు చెయ్యదు నాన్నా, పిల్లిలా పోతుంది. ఇంట్లో దేవుడి పాట ఆగిపోయింది. రెండు ఆదివారాలు చర్చికీ వెళ్ళలేదు.

మూడో ఆదివారం కుండలో చూస్తే అడుగు కనిపించింది. నలుగురూ ఏమనుకుంటారోనని దీనమ్మ, కూలికి వచ్చిన బియ్యం దాదాపు అంతా అందులోకి ఒంపేసింది. చర్చిలో అందరూ ఆ నిండు కుండ చూసి మెచ్చుకున్నారు. పిచ్చిది, నవ్వింది కూడా.

ఆరాధన అయ్యాక పాకలో సలోమమ్మ ఆ బియ్యం చేటలో పోయించుకుని వేళ్ళతో తడిమింది.

"నీ బియ్యంలో రేషన్ బియ్యం ఉంటాయి, నూకలు ఉంటాయి, కూలి బియ్యం ఉంటాయి. ఏ రోజు ఏం వండావో నా వేళ్ళకి తెలుసు. ఇవన్నీ ఒకటే బియ్యం. ఒక్కసారే పోశావు కదమ్మా?"

సలోమమ్మ చేట పక్కన పెట్టింది.

"బియ్యం తగ్గితే నేను గంజి కాచుకుంటాను. నువ్వే తగ్గిపోతున్నావు, దానికి నేనేం చెయ్యను?"

దీనమ్మ భోరుమంది. సలోమమ్మ తిట్టలేదు. తల మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేసి పంపించింది.

ఇంటికి వస్తే దోసెడు బియ్యం మిగిలాయి. బయట ముసురు, రేపు కూలి లేదు. ఈ వారానికి వద్దులేవే, మన సంగతి దేవుడికి తెలీదా అన్నాడు ఏసోబు. పిల్లలు కంచాలు పట్టుకుని కూర్చున్నారు. దీనమ్మకి పిడికెడు తీసే ధైర్యం చాల్లేదు. చిటికెడు తీసి కళ్ళు మూసుకుంది. ఇన్నాళ్ళ ప్రార్థనా ఆ ఒక్క పూటే వచ్చింది కాబోలు, ఎసరు సగం ఇంకిపోయినా కళ్ళు తెరవలేదు. మళ్ళీ నీళ్ళు పోసి వండింది. అందరూ గంజే తాగారు.

ఆ వారమంతా అలాగే, పూటకో చిటికెడు. మళ్ళీ ఆదివారం దీనమ్మ సిగ్గుపడుతూనే కుండ పట్టుకెళ్ళింది. సలోమమ్మ చెయ్యి పెట్టి చూసింది. అడుగున గుప్పెడు ఉన్నాయేమో. కాసిని నూకలు, కాసిని రేషన్ బియ్యం.

"వచ్చేశావా తల్లీ" అంది.

కథేమో కంచికి, కునుకేమో కంటికి,
మనమేమో మంచానికి, స్తోత్రమేమో దేవుడికి.