కళ్ళు పెట్టని అమ్మ

కొండలకు ఇంకా ఎవరూ పేర్లు పెట్టని రోజులవి. ఏటి ఒడ్డున ఒక ఊరు, ఆ ఊరికో దొర, ఆ దొర కింద కంచు బొమ్మలు పోసే ఒక కంచరి. కంచరి పేరు గవరయ్య. దొర పేరు నేను చెప్పను. తను కట్టించిన గుడి గోడ మీద బెత్తెడు లోతున చెక్కించుకున్నాడుగా, చాలదా?

గవరయ్య పసివాడుగా ఉండగానే తండ్రి పోయాడు. తల్లి అసిరమ్మ కొలిమి దగ్గర తిత్తి కొట్టి బిడ్డను సాకింది. ఒకనాడు నిప్పురవ్వ ఎగిరి ఆమె చెంప కాలింది, మచ్చ పడింది. బిడ్డ ఏడిస్తే చిటికెడు మైనంతో పిట్టను చేసి చేతిలో పెట్టేది. అలా వాడికి పని పట్టుబడింది. పెద్దయ్యాక కంచుతో ఏ బొమ్మ పోసినా ఇంటివాళ్ళే వచ్చేవారు. పేలు చూసే అమ్మమ్మ, చెల్లెల్ని చంకనేసుకున్న అక్క, తిత్తి కొట్టే అమ్మ.

దొర గుడి కట్టి, అమ్మవారిని పోయమన్నాడు. ఊరి ఆడవాళ్ళు విరిగిన గిన్నెలు, అరిగిన కడియాలు, చిట్లిన గంటలు తెచ్చి ఇచ్చారు. గవరయ్య మైనంతో బొమ్మ చేశాడు, మట్టి మెత్తాడు, కాల్చాడు. మైనం కారిపోయింది, కంచు నిండింది. మట్టి పగలగొడితే అమ్మవారికి అసిరమ్మ మొహం. చెంపన మచ్చతో సహా.

"మనల్ని ఎరిగున్నట్టే ఉంది తల్లి," అన్నారు ఆడవాళ్ళు.

దొర వచ్చాడు. "ఎవర్తిరా ఇది? తిత్తి కొట్టేదానికి నేను దండం పెట్టాలా? కరిగించు," అన్నాడు.

కరిగించారు. తిత్తి కొట్టింది ఎవరనుకున్నారు? అసిరమ్మే. తన మొహం కరగడానికి తనే గాలి కొట్టింది. చెబుతుంటేనే నాకు ఒళ్ళు మండుతుంది.

రెండోసారి గవరయ్య మచ్చ తీసేశాడు, ముక్కు మార్చాడు. అయినా అమ్మే వచ్చింది. "కరిగించు," అన్నాడు దొర. మళ్ళీ అసిరమ్మే తిత్తి కొట్టింది. ఆ వారంలోనే మంచాన పడి కన్నుమూసింది. దొర ఇంటి నుంచి పాడె మీదికి ఒక పువ్వయినా రాలేదు.

మూడోసారి దొర తన దొరసాని మొహం పోయమని, పక్కన ఇద్దరు బంట్లను కూర్చోబెట్టాడు. గవరయ్య చెప్పింది చెప్పినట్టు పోశాడు. వంక పెట్టడానికి వీల్లేదు.

ఇక కళ్ళు చెక్కాలి. కంచర్ల ఆచారం ఏమిటంటే, కళ్ళు గుడిలోనే చెక్కుతారు, అన్నిటికన్నా చివర. తెరుచుకున్న కళ్ళు ముందుగా చూసేది చేసినవాణ్ణే. డప్పులు మోగాయి. ఊరంతా వచ్చింది. గవరయ్య బొమ్మ మొహంలోకి చూసి, ఉలి కింద పెట్టాడు.

"ఏమిరా?" అన్నాడు దొర.

"ఈ మొకం నన్నెప్పుడూ సూడనేదు బాబూ. నన్ను సూడని కళ్ళు నాను సెక్కనేను."

"నీ కొలిమి కూలదోయిస్తాను."

"కూలదోయించండి. మాయమ్మనే రెండుసార్లు కరిగించినారు. ఇంకేటి మిగిలింది?"

అన్నంత పనీ చేశాడు దొర. గవరయ్య ఏరు దాటి వెళ్ళిపోయాడు. అంత పనిమంతుడు, పరాయి పొలాల్లో మట్టి మోస్తూనే చచ్చిపోయాడు. అన్యాయం కాదూ?

దొర మూడు ఊళ్ళ కంచర్లను పిలిపించాడు. మొదటివాడు వచ్చి, "ఎవరు పోసినారు?" అని అడిగాడు. గవరయ్య అని చెప్పగానే ఉలి కింద పెట్టాడు. రెండోవాడూ అడిగాడు, పెట్టాడు. మూడోవాడూ అంతే. చివరికి దొర కాటుకతో కళ్ళు దిద్దించాడు. మొదటి అభిషేకానికే కారిపోయాయి.

దొరలు పోయారు, దివాణం పోయింది. గోడ మీది పేరును సున్నం మింగేసింది. నేటికీ ఆ సీమ కంచర్లు విగ్రహానికి కళ్ళు చెక్కే ముందు, "గవరయ్యా, ఈమె మనల్ని ఎరుగును," అని మూడుసార్లు అనుకుంటారు. ఎరగదనిపిస్తే ఉలి ముట్టరు. కళ్ళు లేని ఆ అమ్మ ముందు బిడ్డల్ని ఎత్తి చూపించే తల్లులు మాత్రం ఒకే మాట మొక్కుకుంటారు.

"అసిరమ్మ కళ్ళతో సూడు తల్లీ."