కుండలో తెడ్డు పెట్టే ముందు

రండి పిల్లలూ, దగ్గరికి జరగండి. గోడకు ఆనుకున్న నువ్వు కూడా ముందుకు రామ్మా. చాప అందరికీ సరిపోతుంది.

అనగనగా ఒక కుమ్మరి ఇల్లు. ఆ ఇంట్లో ఐదుగురు మనుషులు, ఒక గాడిద.

పొద్దు వాలగానే ఇంటి పెద్ద ఓబులమ్మ తెడ్డు పట్టుకుని గడపలో నిలబడేది. కోడల్ని పిలిచేది, "ఈరమ్మా!"

"ఉన్నానత్తా!"

"మద్దిలేటీ!" "ఉన్నా!" అనేవాడు చిన్న కొడుకు.

"సుంకీ!" "ఉన్నానవ్వా!" అనేది మనవరాలు.

"తిప్పయ్యా!" "ఉన్నా!" అనేవాడు పెద్ద కొడుకు.

చివరికి, "బూడిదా!" గాడిద ఓండ్రపెట్టేది. అప్పుడే సంగటి కుండలో తెడ్డు పడేది.

ఎందుకు పిలవాలో ఓబులమ్మకు ఆమె అత్త చెప్పలేదు. "పిలవకుండా పెట్టొద్దు" అని మాత్రం చెప్పింది.

తిప్పయ్యకు ఇది చిన్నతనంగా ఉండేది. ఒకరోజు, "ఎదురుగానే కూర్చున్నాను. కళ్లు కనపడటం లేదా అమ్మా?" అని విసుక్కున్నాడు. ఇంకోరోజు, పిలిచినా ఉలకలేదు, పలకలేదు. మూడోరోజు, కుండలు కొనే షావుకారు భోజనానికి వచ్చి పగలబడి నవ్వాడు.

"ఏమయ్యా తిప్పయ్యా! నీకూ గాడిదకూ ఒకటే హాజరా? పైగా నీ తర్వాతే దానిది!"

తిప్పయ్యకు తల కొట్టేసినట్టయింది. "ఇక నా పేరు పిలిస్తే ఈ ఇంట్లో మెతుకు ముట్టను" అన్నాడు.

"సరే నాయనా, నువ్వు పలకొద్దులే" అంది ఓబులమ్మ.

ఆనాటి నుంచి అతను కుండలు కాల్చే ఆవం దగ్గరే ఉండిపోయి, అందరూ తిన్నాక వచ్చి ఒక్కడే తినేవాడు.

ఒక మధ్యాహ్నం బంకమన్ను అయిపోయింది. ఎవరికీ చెప్పకుండా పార తీసుకుని వాగు గట్టుకు వెళ్లాడు. గట్టు కింద లోపలికంటా తవ్వుతుంటే పైనున్న మట్టిపెళ్ల విరిగి మీద పడింది. ఛాతీ దాకా కూరుకుపోయాడు. కాలు కదలదు, చెయ్యి రాదు. అరిచి అరిచి గొంతు పోయింది. ఆ దారిన మనిషన్నవాడు రాలేదు.

పొద్దు వాలింది. 'ఈపాటికి ఇంట్లో పేర్లు పిలుస్తుంటారు. నా పేరు నేనే తీసేయించుకున్నాను. ఇక నన్నెవరు తలుస్తారు?' తిప్పయ్యకు కళ్లలో నీళ్లు తిరిగాయి.

అప్పుడు దూరంగా ఒక గొంతు.

"ఈరమ్మా!" "ఉన్నానత్తా!"

"మద్దిలేటీ!" "ఉన్నా!"

"సుంకీ!" "ఉన్నానవ్వా!"

"తిప్పయ్యా!"

అతను ఉన్న ఊపిరంతా కూడదీసుకున్నాడు.

"ఉన్నా... ఉన్నానమ్మా!"

"బూడిదా!" అని పిలవకముందే గాడిద ఓండ్రపెట్టింది.

పరుగున వచ్చి మట్టి తోడి పైకి లాగారు. భార్య ఈరమ్మ ఏడుస్తూనే తిట్టింది.

"అత్త నీ పేరు ఒక్కపూటా మానలేదు. రోజూ నిన్ను చూసొచ్చి నీ బదులు నేనే పలుకుతున్నా. ఇవాళ బద్ధకించి, 'ఆవం దగ్గరే ఉంటాడులే' అన్నాను. 'ఉంటాడని కాదే, చూసి చెప్పు' అంది. చూస్తే నువ్వూ లేవు, పారా లేదు! మన్నుకే వెళ్లుంటావని గాడిదతో సహా అందరం పేర్లు పిలుచుకుంటూ వాగుకు వచ్చాం!"

ఇంటికి చేరేసరికి సంగటి చల్లారిపోయింది. కుండలో తెడ్డు మాత్రం ఇంకా పడలేదు. అందరూ కూర్చున్నారు.

"అమ్మా, ఇంకోసారి పిలువవే" అన్నాడు తిప్పయ్య.

"ఎదురుగానే కూర్చున్నావుగా? నాకు కళ్లు బాగానే కనపడుతున్నాయి!" అంది ఓబులమ్మ. అన్నదే గాని, పిలిచింది. ఆ రోజు తిప్పయ్య పలికిన పలుకు గాడిద అరుపును కూడా మించిపోయింది.

ఇక లేవండి పిల్లలూ. అదిగో, మీ అమ్మలు పిలుస్తున్నారు. గట్టిగా పలికి, వెళ్లి కడుపునిండా తినండి. పెద్దలు రోజూ విసుగులేకుండా చేసే చిన్న ఆచారంలోని ప్రేమే, ఆపద వచ్చిన రోజున మనల్ని వెతుక్కుంటూ వస్తుంది.