పొత్రానికి పాడిన లాలి

ఒక ఇంటి నడిమి గదిలో ఒక కర్ర స్తంభం ఉండేది. స్తంభం మీద దూలం, దూలానికి రెండు ఇనప కొక్కేలు. ఆ ఇంట పుట్టిన ప్రతి బిడ్డా ఇరవై ఒకటో రోజున ఆ కొక్కేలకు కట్టిన ఉయ్యాలలోనే మొదటిసారి ఊగింది.

ఆ ఇంటామె ప్రతి అమావాస్య పొద్దున్నే తలంటు పోసుకుని, దేవుడికి దీపం పెట్టి, ఇత్తడి గరిటె పట్టుకుని బయల్దేరేది. ఎక్కడికనుకున్నారు? ఇంట్లోనే! స్తంభాన్ని గరిటెతో తట్టి చెవి ఆనించేది. ద్వారబంధాలను తట్టేది. పీట మీద పీట వేసుకుని ఎక్కి దూలాన్నీ తట్టేది. మోత ఖంగుమంటే సరే. ఎక్కడైనా మెత్తగా పలికితే అక్కడ వేపనూనె పట్టించి, గోడవార తడి ఉంటే ఆరబెట్టేది. అత్తగారు నేర్పిన పని అది. "దేవుణ్ణి లేపడానికి గంట, ఇంటిని లేపడానికి గరిటె," అనేదట ఆ మహాతల్లి.

ఇంటాయనకు ఇదంతా నవ్వులాట.

"ముప్పై ఏళ్ళుగా వాయిస్తున్నావు. ఒక్కనాడైనా ఏమన్నా జరిగిందిటే?"

"లేదండీ."

"మరెందుకే ఈ కచేరీ?"

"అందుకేనండీ," అనేది ఆమె.

ఆయన చెడ్డవాడు కాడు సుమండీ. చేతులారా పూలు కోసి గంటసేపు పూజ చేసుకునే మనిషి. కాకపోతే దేవుణ్ణి చూసేటప్పుడు తప్ప కళ్ళు తెరవడు. ఇంటిని ఎప్పుడూ చూసేవాడు కాడు. దాన్ని దేవుడు చూసుకుంటాడని ధీమా.

ఒక ఏడాది కూతురికి ఏడో నెల దాటింది. కాన్పు కష్టమని పట్నంలో ఆసుపత్రికి దగ్గరగా ఉంచారు. ఇంటామె తోడు వెళ్ళింది. మూడు అమావాస్యలు ఆ ఇంట గరిటె మోగలేదు.

కూతురితో, మనవరాలిని ఎత్తుకుని ఆమె తిరిగొచ్చేసరికి బిడ్డకి పన్నెండో రోజు. గడప దాటుతూనే ఆగిపోయింది. స్తంభం మొదట్లో మోకాలెత్తు మట్టిపుట్ట లేచి ఉంది. దానికి పసుపు, కుంకుమ, మెడలో మల్లెదండ. ముందు చెంబుడు పాలు.

"చూశావా!" అన్నాడు ఇంటాయన. "మనవరాలు పుట్టిన వారమే వెలిశాడు స్వామి. మనం పుట్ట దగ్గరికి వెళ్ళనక్కర్లేదు, ఆయనే మనింటికొచ్చాడు. రోజూ పాలు పోస్తున్నాను. రోజూ పెరుగుతున్నాడు."

ఆమె చెంపలేసుకుంది. పుట్టకి మొక్కని చేతులు కావు అవి. మొక్కిన తర్వాత తలెత్తి చూసింది. పుట్ట మొదలుకొని స్తంభం వెంట, వేలి వెడల్పున ఒక మట్టిచార దూలం దాకా పాకి ఉంది.

గరిటె తెచ్చి తట్టింది. ముప్పై ఏళ్ళుగా ఖంగుమన్న స్తంభం, నానిన అట్టలా "బొద్దు" మంది.

"ఏవండీ, ఇది చెద. పాల తడికి ఇంకా పెరిగింది. స్వామిని పొలం గట్టుకు సాగనంపుదాం. అక్కడ పాలు నేనే పోస్తాను. ఇక్కడుంటే దూలం తినేస్తాడు."

"నోరు కడుక్కో! దేవుడున్న స్తంభాన్ని గరిటెతో కొడతావా?" ఆయన గరిటె లాక్కుని అటక మీద పడేశాడు.

"పోనీ బారసాలకి ఉయ్యాల వసారాలో కడదాం."

"నేను ఊగిన దూలం అది. మా నాన్న ఊగిన దూలం. అదే కొక్కేలకి నా మనవరాలూ ఊగుతుంది. స్వామి ఎదురుగా ఊగుతుంది. ఇంకో మాట లేదు."

బారసాలకి ఇంకా తొమ్మిది రోజులున్నాయి. ఆ తొమ్మిది రోజులూ వంటింట్లో రుబ్బుతూ, తరుగుతూ, పైకి చూస్తూ ఉండిపోయింది. పోట్లాడితే ఆయన దేవుడి వైపు, తను చెద వైపు నిలబడ్డట్టు అవుతుంది. దేవుడి వైపు నిలబడే దారి తనకూ ఒకటి ఉండాలి కదా. ఏడో రోజున, మినప్పప్పు రుబ్బుతూ రుబ్బుతూ ఆగి, చేతిలోని పొత్రం వంక చూసింది.

బారసాల నాడు ఇల్లు నిండింది. ఆడపడుచు హారతి పళ్ళెంతో, నోటినిండా పాటలతో వచ్చింది. ఆ ఊళ్ళో ఒక ఆచారం ఉంది. ఉయ్యాలలో బిడ్డ కంటే ముందు ఒక రాయిని పడుకోబెట్టి, దానికి లాలి పాడతారు. ఎందుకని అడిగితే అందరూ "వేడుక" అంటారు. రాను రాను వేడుక చిన్నదైంది, రాయీ చిన్నదైంది. ఆడపడుచు నిమ్మకాయంత రాతికి బొట్టు పెట్టి తెచ్చింది.

"అది కాదు వదినా," అంది ఇంటామె. కొంగు నడుముకు దోపి, రుబ్బురోలు పొత్రాన్ని రెండు చేతులా ఎత్తుకొచ్చింది. దానికి పసుపు రాసింది, బొట్టు పెట్టింది, పట్టుగుడ్డ చుట్టింది.

"అయ్యో, నీ నడుం పడిపోను! ఇంత బండ పిల్లనెవరు కన్నారు వదినా?" అని ఆడపడుచు నవ్వితే అందరూ నవ్వారు.

"మీ అమ్మగారు ఏ రాయి పెట్టేవారు? నా కూతురి బారసాలకి ఏది పెట్టారు?"

ఆడపడుచు నవ్వు ఆగింది. "ఇదే పెట్టేది," అంది మెల్లగా. "ఎందుకే అంటే, తర్వాత తెలుస్తుంది అనేది."

ఇంటాయన మొహం ఎర్రబడింది గానీ, అమ్మ ఆచారానికి అడ్డు చెప్పలేకపోయాడు.

పొత్రాన్ని ఉయ్యాలలో పడుకోబెట్టారు. ఆడవాళ్ళు లాలి ఎత్తుకున్నారు. ఇంటామె ఉయ్యాల తాడు పట్టుకుని ఊపింది. ఒకటి. రెండు. కళ్ళు మూసుకుని లోలోపల ఒకటే మాట అనుకుంటోంది: "తండ్రీ, నన్నే అబద్ధం చెయ్యి. ఈ మందిలో నా పరువు తియ్యి. దూలాన్ని నిలబెట్టు." అయిదు. ఆరు. దూలం కిమ్మనలేదు.

"చూశావా?" అన్నాడు ఇంటాయన. "స్వామి ఉన్నాడు. ఇక చాలు, బంగారుతల్లిని తీసుకురండి."

కూతురు బిడ్డనెత్తుకుని ఉయ్యాల దగ్గరికి వచ్చింది.

"పాట అవలేదమ్మా," అంది ఇంటామె. "అక్కడే ఉండు."

"అమ్మా, అందరూ చూస్తున్నారే."

"చూడనీ. పాట అయ్యేదాకా ఈ పొత్రమే నా బిడ్డ." తాడు ఇంకాస్త బలంగా లాగింది. ఎనిమిది. తొమ్మిది.

పదో ఊపుకి పైన ఏదో చిటుక్కుమంది. కొక్కెం ఊడింది, అరచేతి వెడల్పు చెక్కతో సహా. పొత్రం నేలకు పడిన దెబ్బకి గచ్చు పగిలింది. దూలంలోని బొక్క నుంచి తవుడు లాంటి పొడి జలజలా రాలింది. ఆ పొడిలో తెల్లగా పురుగులు కదిలాయి.

పాట ఆగిపోయింది. కూతురు బిడ్డను గుండెకు అదుముకుని గోడ దాకా వెనక్కి నడిచింది. బిడ్డ నిద్ర కూడా లేవలేదు.

ఇంటాయన పగిలిన గచ్చు దగ్గర కూలబడ్డాడు. పొత్రాన్ని తాకాడు. తర్వాత మనవరాలి వైపు చూశాడు. మళ్ళీ పొత్రాన్ని తాకాడు.

"వదినా!" అంది ఆడపడుచు ఏడుస్తూ. "ఇది రాయి కాదు, సాక్షాత్తూ అమ్మవారు. గూడు కట్టించి దీపం పెడదాం."

"దీపం పెడితే పెట్టు గానీ," అంటూ ఇంటామె పొత్రం మీది పట్టుగుడ్డ విప్పింది, "పిండి రుబ్బడానికి నాకిది కావాలి. వచ్చిన వాళ్ళకి అట్లు పొయ్యొద్దూ?"

ఆ రోజు మనవరాలు వసారాలో ఊగింది. వారం తిరక్కుండా దూలం మారింది, స్తంభం మారింది. పుట్టను ఇంటాయనే తవ్వాడు. ప్రతి పారకీ ఒక నమస్కారం పెట్టి, ఆ మట్టిని తట్టల్లో పొలం గట్టుకు మోసి, అక్కడ పాలు పోసి వచ్చాడు.

తర్వాతి అమావాస్య పొద్దున, పక్కింటావిడ చింతపండు బదులడగడానికి వచ్చింది. లోపల ఇత్తడి మోగుతోంది. తొంగి చూస్తే, ఇంటాయన తడిబట్టతో కొత్త స్తంభానికి చెవి ఆనించి, కళ్ళు మూసుకుని నిలబడి ఉన్నాడు. చేతిలో గరిటె.

"పూజలో ఉన్నట్టున్నారు," అని ఆవిడ గుమ్మం బయటే చెప్పులు విడిచి, గొంతు తగ్గించింది. "తర్వాత రానా?"

ఇంటామె మనవరాలిని భుజాన వేసుకుని, ఆ మోత కాసేపు విన్నది.

"అయ్యేదాకా కూర్చోండి," అంది.