మంచం పక్క స్టూలు

డాక్టర్ అంబుజాక్షిగారికి వార్డులో ఒక అలవాటుంది. రోగి మంచం దగ్గరికి రాగానే స్టూలు లాక్కుని కూర్చుంటారు. కూర్చున్నాకే పలకరింపు. కాకినాడలోని ఆ ఆసుపత్రిలో మిగతా డాక్టర్లు నిలబడే చూసి నిలబడే వెళ్లిపోతారు గనక, కిర్రుమని అరిచే ఆ చెక్క స్టూలుకి చిన్న డాక్టర్లు ‘మేడమ్‌గారి సింహాసనం’ అని పేరు పెట్టారు. ఆ పేరు పెట్టినవాళ్లలో హైమ కూడా ఉంది. ఆవిడ దగ్గర సర్జరీ నేర్చుకుంటున్న పిల్ల. తెలివైనదే గానీ ఒకచోట కాలు నిలవదు.

ఒక ఉదయం రౌండ్స్‌కి బయల్దేరుతూ హైమ అడిగింది.

“మేడమ్, ఇద్దరికి రొమ్ము ఆపరేషన్ చేస్తాం. అదే చెయ్యి, అదే కత్తి, అవే కుట్లు. ఒకామెకి గాయంతోపాటే నొప్పీ మానిపోతుంది. ఇంకొకామె ఒంట్లో అది ఏళ్ల తరబడి కాపురం పెడుతుంది. పుస్తకంలో కారణాలు చదివాను. చిన్న వయసు, ముందునుంచీ ఉన్న నొప్పులు, చంకలో గ్రంథులు తీసెయ్యడం, అక్కడి నరం దెబ్బతినడం, రేడియేషన్, భయం, మొదటి రోజుల్లో నొప్పి అదుపులో లేకపోవడం. అన్నీ నోటికొచ్చు. కానీ ఎదురుగా ఉన్న మనిషిని చూసి, ఈమెకే ఉండిపోతుందని పోల్చుకోవడం ఎలా?”

అంబుజాక్షిగారు కళ్లజోడు తుడుచుకున్నారు. “మొన్న ఆపరేషనైన వాళ్లలో నీకు బాగా నచ్చిన పేషెంటు ఎవరు?” అన్నారు.

హైమ తడుముకోలేదు. “నూకరత్నంగారండి. ఎంత ఓర్పనుకున్నారు! నొప్పి తగ్గే ఇంజెక్షన్ ఇస్తామన్నా వద్దంది. నిన్న వార్డులో అందరి ముందూ చెప్పాను, ఈవిణ్ణి చూసి నేర్చుకోండని.”

“అయితే ముందు అక్కడికే పద.”

నూకరత్నం బస్సు కండక్టరు. నలభై ఇంకా నిండలేదు. ఎడమ రొమ్ముకి ఆపరేషన్ చేసి, చంకలో గ్రంథులు కూడా తీశారు. డాక్టర్లను చూడగానే దిండుకి చేరబడి కూర్చుని నవ్వింది. పక్కన తల్లి ఆదెమ్మ అరటిపండు ఒలుస్తోంది.

“నొప్పుందా అండీ?” అంది హైమ, నిలబడే.

“ఏం లేదండి. బానే ఉన్నానండి.”

“మా పిల్ల గట్టిదండి డాక్టరుగారూ,” అంది ఆదెమ్మ. “కానుపులప్పుడు కూడా కిక్కురుమనలేదు.”

హైమ అప్పటికే పక్క మంచం వైపు అడుగేసింది. వెనక స్టూలు కిర్రుమంది. ఇక ఇక్కడ అరగంట గోవిందా అనుకుంటూ వెనక్కి వచ్చింది.

“బస్సులో పైన కడ్డీ ఏ చేత్తో పట్టుకుంటావమ్మా?” అని అడిగారు అంబుజాక్షిగారు.

“ఎడం చేత్తోనండి. కుడి చేత్తో టికెట్లు కొట్టాలి గదండి.”

“ఎంతవరకు లేస్తే అంతవరకే, ఒకసారి లేపి చూపించు.”

నూకరత్నం చెయ్యి లేపింది. మోచెయ్యి పక్కటెముకల్ని వదిలి జానెడు కూడా రాలేదు, ఆగిపోయింది. మొహం మీద నవ్వు నవ్వులాగే ఉంది గానీ పైపెదవి మీద చెమట పట్టింది.

“చాలు, దించెయ్,” అన్నారావిడ. స్టూలు మీంచి లేవలేదు. ఆదెమ్మ అరటిపండు పట్టుకుని అలాగే చూస్తోంది. అంబుజాక్షిగారు నెమ్మదిగా అన్నారు: “నువ్వు గట్టిదానివని మా అందరికీ తెలిసిందమ్మా. ఇంక రుజువు అక్కర్లేదు.”

నూకరత్నం కళ్లు నిండిపోయాయి.

“చంకకింద పచ్చిమిరపకాయ నూరి రాసినట్టుందండి. దుప్పటి తగిలినా పేణం పోతంది. ఆపరేషనైన కాణ్ణించి కునుకు లేదు.”

“మరి అడిగితే లేదంటావేం?”

“మా వీధిలో ఆవిడ పరామర్శకొచ్చి చెప్పిందండి. కోసేసినాక కూడా నొప్పుందంటే జబ్బు వేరు లోపలే ఉండిపోయినట్టంట. నా నోటితో నొప్పంటే అదే నిజమైపోద్దేమోనని...” ఆమె హైమ వైపు చూసి తల దించుకుంది. “పైగా ఈ డాక్టరమ్మగారు అందరిముందూ నన్నంత మెచ్చుకున్నారు. ఆ మాట పోగొట్టుకోబుద్ధి కాలేదండి.”

హైమకి అప్పుడర్థమైంది. మందు ఇవ్వాల్సిన చోట తను మెప్పు ఇచ్చి వచ్చింది.

“అది జబ్బు వేరు కాదు,” అన్నారు అంబుజాక్షిగారు. “చంకలోంచి చేతిలోకి పోయే నరం కదిలింది, అది మొరపెట్టుకుంటోంది. ఆ మొర మేం వినాలి. ఈ భుజం ఇంతకుముందు కూడా నొప్పి పెట్టేదా?”

“ఏళ్లబట్టండి. కడ్డీ పట్టుకునీ పట్టుకునీ. అదీ ఓ నొప్పేనా అని చెప్పలేదండి.” నూకరత్నం కుడిచేత్తో కళ్లు తుడుచుకుంది. గొంతులో ఎక్కడిదో బిరుసు వచ్చింది. “చెయ్యి రాకపోతే నన్ను డిపోలో కుర్చీలో కూర్చోబెడతారండి. నాకు కుర్చీ వద్దండి. బస్సు కావాలి. ఏం చెయ్యమంటే అది చేస్తాను.”

“ముందు నొప్పి వచ్చినప్పుడల్లా చెప్పు. మిగతాది మేం చేయిస్తాం.”

ఆ పూటే మందులు మారాయి. నరానికి ఇంజెక్షన్ ఇచ్చాక ఆమె సాయంత్రం దాకా ఒళ్లెరగకుండా నిద్రపోయింది. మర్నాటి నుంచి హైమే దగ్గరుండి చేతి కసరత్తులు చేయించింది. పరామర్శ ఆవిడ మళ్లీ వస్తే ఆదెమ్మ వరండాలోనే ఆపి, అరటిపండు చేతిలో పెట్టి సాగనంపింది.

రేడియేషన్ కూడా అయిపోయి కొన్నాళ్లు గడిచాక నూకరత్నం చూపించుకోవడానికి వచ్చింది, చీర మీద ఖాకీ చొక్కాతో. డ్యూటీలో చేరిందట. వార్డులో కర్టెను కడ్డీని ఎడంచేత్తో అందుకుని “రైట్ రైట్!” అని అరిచేసరికి మంచాల మీదివాళ్లు నవ్వారు.

“పూర్తిగా పోలేదండి. అప్పుడప్పుడూ చురుక్కుమంటది. మొండిది. నేను దానికన్నా మొండిదాన్ని.”

ఆమె వెళ్లాక హైమ అంది: “మేడమ్, ఆ రోజు అలా వదిలేసి ఉంటే, ఆమెకి ఆ నొప్పి ఉండిపోయేదంటారా?”

“ఏమో, చెప్పలేను. వయసు మన చేతిలో లేదు. నరం సగమే మన చేతిలో ఉంది.” ఆవిడ తర్వాతి మంచం వైపు చూశారు. అక్కడ కొత్తగా ఆపరేషనైన ముసలామె, డాక్టర్లు వస్తున్నారని గబగబా నవ్వు మొహం పెట్టుకుంటోంది.

“స్టూలు మాత్రం పూర్తిగా మన చేతిలోనే ఉందమ్మా,” అని, దాన్ని హైమ వైపు జరిపారు.