సగం లోటా

"ఓబులేసూ... ఓ ఓబులేసూ!"

పందిరి కింద నుంచి హుసేన్ తాత పిలుస్తున్నాడు. ఓబులేసుకు వినపడుతూనే ఉంది. అయినా కుండల వెనక వంగి, తడి గోనెపట్టాను ఊరికే సర్దుతూ కూర్చున్నాడు.

"ఈ సామిని చూడు తాతా," అంటున్నాడు ఒక యాత్రికుడు. "సగం లోటా పోసి లోపలికి పోతాడు. మళ్ళీ అడిగితే మళ్ళీ సగమే. ఈ నీళ్ళేమన్నా వాళ్ళ అత్తగారింటి నుంచి మోసుకొస్తున్నాడా?"

జనం నవ్వారు. ఓబులేసు తల ఎత్తలేదు.

ఉగాది ముందు రోజులవి. నల్లమల అడవిలో కాలిబాట పట్టి శ్రీశైలం నడిచేవాళ్ళు తెల్లారింది మొదలు పొద్దుగూకేదాకా వాగులా పారుతూనే ఉంటారు. ఆ బాట పక్కన ఫకీరు హుసేన్ తాత ముప్పై ఏళ్ళుగా చలివేంద్రం నడుపుతున్నాడు. మోదుగలు విరగబూసి కొండంతా మెల్లగా అంటుకున్నట్టుంది. ఆ ఎర్రటి వెలుగులో మనుషులు కలలోంచి వచ్చినట్టే వస్తారు, కలలోకి పోయినట్టే పోతారు. గాలి అటు నుంచి ఇటు తిరిగిందంటే మాత్రం ఇప్పపూల వాసన. సారా కాచేది ఆ పూలతోనే. ఆ వాసన తగిలినప్పుడల్లా ఓబులేసు తువ్వాలు ముక్కుకు అడ్డం కట్టుకుంటాడు.

తాగుడు మాని, గడ్డం పెంచి, తాత దగ్గర శిష్యుడిగా చేరి ఏడు నెలలు దాటింది. ఒంట్లో వణుకు ఎప్పుడో పోయింది. ఎవరన్నా చూస్తుంటే మాత్రం చేతులు వణుకుతాయి. నిండు లోటా అయితే తొణుకుతుంది. తొణికితే చేతుల వంక చూస్తారు. చూస్తే, వీడు తాగుబోతని తెలిసిపోతుంది. అందుకే సగం.

జనం పలచబడ్డాక తాత అడిగాడు. "ఎందుకు నాయనా సగం?"

"వాగు దూరం కదా తాతా. పొదుపు."

"పిసినారి అంటున్నారు నిన్ను."

"అననీ తాతా."

"హాయిగా ఉందా ఆ పేరు?"

ఓబులేసు వంగి కుండ మూత సర్దాడు. నిజానికి హాయిగానే ఉంది. దాని చాటున దాక్కోవచ్చు.

మరుసటి పొద్దున తాతే లోటా పట్టాడు. అంచుదాకా ముంచి, ఒక ముసలామెకు అందించబోతూ కావాలనే చెయ్యి వంచాడు. నీళ్ళు అతని పచ్చ జుబ్బా మీద ఒలికి పాదాలదాకా కారాయి.

"ఏం ముసిలోడా, చేతిలో సత్తువ లేదా?" అంది ఆమె.

"లేదు తల్లీ," అని నవ్వి, మళ్ళీ నిండా ముంచి ఇచ్చాడు. ఆమె గటగటా తాగి, లోటా బోర్లించి, తన దారిన పోయింది.

తాత ఎండలోకి వెళ్ళి నిలబడ్డాడు. చాలాసేపు అలాగే, చెట్టులా నిలబడ్డాడు. తర్వాత పిలిచాడు.

"ఇట్రా. పట్టుకుని చూడు."

ఓబులేసు జుబ్బా అంచు పట్టుకున్నాడు. పొడిగా, వెచ్చగా ఉంది.

 తాత లోటా అతని చేతిలో పెట్టి, వెళ్ళి పందిరి గుంజకు ఆనుకుని కళ్ళు మూసుకున్నాడు.

ఆ మధ్యాహ్నమే సుంకమ్మ వచ్చింది.

ఓబులేసు చెల్లెలు. చంకలో ఏడాదిన్నర కూతురు. పోయిన శ్రావణంలో ఆ పిల్లకు పుట్టువెంట్రుకలు తీశారు. మేనమామ కాబట్టి మొదటి కత్తెర ఓబులేసే వేశాడు. చెవి తెగింది. "పిల్ల కదిలింది" అన్నాడు. అందరూ నమ్మారు. బిడ్డను ఒడిలో గట్టిగా పట్టుకోవడం కూడా రాదా అని అత్తింటివాళ్ళు సుంకమ్మను తిట్టారు. ఆమె తల వంచుకుని ఆ మాటలు పడుతుంటే ఓబులేసు పక్కనే ఉన్నాడు. వారం తిరక్కుండా ఊరు విడిచిపెట్టాడు.

"సామీ, నిండా పొయ్యి. పిల్ల కూడా తాగాల," అంది. గడ్డంలో అతన్ని పోల్చుకోలేదు.

గాలి తిరిగింది. ఇప్పపూల వాసన. చెయ్యి తువ్వాలు మీదికి పోయింది. ముఖం కప్పుకోవచ్చు, సగం పోసి లోపలికి పోవచ్చు.

తువ్వాలు వదిలేశాడు. లోటా అంచుదాకా ముంచాడు.

చేతులు వణికాయి. నీళ్ళు తొణికి పిల్ల పాదాల మీద పడ్డాయి. పిల్ల కిలకిలా నవ్వి, ఇంకా పొయ్యమన్నట్టు కాళ్ళు చాపింది. జుట్టు పక్కకి జరిగితే చెవి మీద చిన్న గాటు కనిపించింది.

సుంకమ్మ ఆ చేతుల్ని చూసింది. తర్వాత ముఖంలోకి చూసింది.

"అన్నా?"

అతను లోటా దించి తల ఊపాడు.

"సచ్చినావో బతికినావో తెల్లేదు గదన్నా," అంటూ అతని ముంజేయి పట్టుకుంది. "దానికే ఊరిడిసి వస్తారా ఎవరన్నా? పిల్ల కదిలితే నువ్వేం చేస్తావు? తప్పు నాది. నేనే గట్టిగా పట్టుకోలేదు. ఇంటికి రా."

పందిరి గుంజ దగ్గర తాత కళ్ళు తెరవలేదు. ఎండలో పిల్ల పాదాలు అప్పుడే ఆరిపోతున్నాయి.

"నువ్వు గట్టిగానే పట్టుకున్నావు సుంకూ," అన్నాడు ఓబులేసు. గొంతు కూడా వణికింది. వణకనిచ్చాడు. "పిల్ల కదల్లేదు. ఆ పొద్దు నేను తాగి ఉన్నా. వాసన రాకుండా తమలపాకు నమిలి వచ్చినా."