గోరింక దాచుకున్న అర్థం

అనగనగా ఒక అడవిలో నిద్రమొహం ఏరు ఒకటి ఉండేది. నీళ్లు సన్నగా, ఇసుక మెత్తగా ఉండేవి. గట్టు మీద మద్దిచెట్టుపై సింగారి అనే గోరింక కాపురం. కింద ఇసుకతిన్నె మీద, గడ్డిదుబ్బులో దూదమ్మ అనే కుందేలు పిల్లలతో ఉండేది.

సింగారి రోజూ ఊళ్లో ఇంగ్లీషు మాస్టారి కిటికీ మీద వాలేది. ఆయన లావుపాటి నిఘంటువు తెరిచి, ఎవరూ వాడని మాటలు పైకి చదివి, అర్థాలు చెప్పుకుని మురిసిపోయేవారు. సింగారి వాటిని ముక్కున పట్టి వచ్చేది.

ఒక చలికాలం పొద్దున, "అక్కా, అప్రిసిటీ," అంది సింగారి.

"అదేమిటే?"

"చలిలో ఎండ తగిలితే ఒంటికి తెలిసే వెచ్చదనం."

దూదమ్మ కళ్లు మూసుకుంది. "రోజూ తగిలే ఎండేగా. పేరు తెలిశాక ఇంకాస్త హాయిగా ఉందే," అంది. సింగారికీ హాయిగానే ఉంది.

ఎండాకాలం వచ్చింది. మద్ది ఆకులు గాలికి మెల్లగా కదిలాయి. "సుసరస్," అంది సింగారి. జింకలు, ఉడతలు, అందరూ తలలెత్తారు. "అంటే?"

అందరూ తనవైపే చూస్తుంటే దానికి గర్వం తలకెక్కింది. అర్థం చెప్పేస్తే ఇక నన్నెవరు చూస్తారు అనుకుంది. "చెప్పినా మీకు అర్థం కాదులే," అంది.

ఆ తర్వాత ఎన్ని మాటలు తెచ్చినా అంతే. అడిగి అడిగి విసిగి, అందరూ అడగడం మానేశారు.

తొలకరి వచ్చింది. పైకొండల మీద వాన, ఇక్కడ మాత్రం ఎండ. ఎగురుతున్న సింగారికి దూరంగా ఏరు ఎర్రగా ఒళ్లు విరుచుకుంటూ రావడం కనిపించింది. "ఫ్రెషెట్ వస్తోంది, ఫ్రెషెట్!" అని అరిచింది.

"ఎవరో చుట్టం కాబోలు," అంది దూదమ్మ. పిల్లల మొహాలు తుడిచి, దుబ్బు ముందు వరసగా కూర్చోబెట్టింది. "బుద్ధిగా ఉండండి. వచ్చాక అల్లరి చేయకండి." పిల్లలు చెవులు నిక్కించి ఎదురు చూశాయి.

సింగారికి ఏడుపొచ్చింది. "చుట్టం కాదక్కా, వరద. పిల్లల్ని గట్టెక్కించు!"

దూదమ్మ పిల్లల్ని తరుముకుంటూ ఉరికింది. చివరి పిల్ల తోక తడవనే తడిసింది. చూస్తుండగానే తిన్నె, దుబ్బు నీళ్లలో కలిసిపోయాయి.

"వరద అన్న మాట నీకు తెలుసు కదే," అంది దూదమ్మ, వణుకుతున్న పిల్లను నాకుతూ. "ముందే అనకూడదా?"

సింగారి వచ్చి పిల్ల పక్కన వాలింది. పైన మద్ది ఆకులు మళ్లీ కదిలాయి.

"అక్కా, సుసరస్ అంటే ఇదే," అంది నెమ్మదిగా. "ఆకుల గుసగుస."

తోక తడిసిన పిల్ల ఆ గుసగుస వింటూ నిద్రపోయింది.

నీతి: ఎంత గొప్ప మాటైనా ఎదుటివారికి అర్థమైతేనే అక్కరకొస్తుంది.