గుండ్రటి కప్పు, ఆరు మూలల బిళ్ళ

ఇప్పమడుగు అడవిలో ఎలుగుబంట్లు, నెమళ్ళు, ఉడతలు ఉండేవి. ఒక తేనెటీగల గుంపు కూడా ఉండేది. ఒక ఏడు గాలివానకు ఆ ఈగల చెట్టు కూలిపోయింది. అవి ఒక బండలోని గుంటకు చేరి, పసిపిల్లలను అందులో దాచుకున్నాయి. నీళ్ళు జారిపోయేలా గుంట మీద బోర్లించిన కుండలాంటి మైనపు కప్పు వేయమని రాణి ఆజ్ఞాపించింది.

మేస్త్రి పింగళకు తన పనితనమంటే మహా గీర. కప్పుకు కావలసిన మైనపు బిళ్ళలన్నీ ఆరు మూలలతో, ఒకే కొలతకు చేయించింది.

ఓదెలమ్మ ముసలి ఈగ. ఆ పిల్లలకు తిండి పెట్టి పెంచేది ఆమే. బిళ్ళలు చూడగానే ఆమె పింగళ దగ్గరికి వెళ్ళింది.

"తల్లీ, ఇవి చదును మీద చక్కగా అతుకుతాయి, వంపు మీద అతకవు. అక్కడక్కడా ఐదు మూలల బిళ్ళ వెయ్యి" అంది. ఒక ఆకు తెచ్చి, అంచు నుంచి నడిమి దాకా చిన్న ముక్క తీసేసి, ఆ అంచులు కలిపింది. ఆకు దొప్పలా వంగింది. "ఒక మూల తగ్గితే బిళ్ళలూ ఇలాగే వంపు తిరుగుతాయి" అంది.

పింగళ పకపకా నవ్వింది. "ఐదు మూలలా! చూసినవాళ్ళు నా మొహాన ఉమ్మెయ్యరూ? వెళ్ళి నీళ్ళు మోసుకో, అవ్వా."

ఓదెలమ్మ రాణితో మొరపెట్టుకుంది. "మేస్త్రికి తెలియదా?" అంది రాణి.

బిళ్ళల మధ్య సందులు పడనే పడ్డాయి. పింగళ వాటి మీద పలచగా మైనం పూయించింది. కప్పు నున్నగా మెరిసింది. అడవి అంతా వచ్చి మెచ్చుకుంది. ఓదెలమ్మ మాత్రం పిల్లల పక్కనే కాపలా కూర్చుంది.

మూడో రోజు మధ్యాహ్నం కుండపోతగా వాన కురిసింది. పూత పొరలుగా ఊడిపోయి, సందుల్లోంచి నీళ్ళు గుంటలోకి దిగాయి. ఓదెలమ్మ నీళ్ళలో పడుతూ లేస్తూ నలుగురు పిల్లలను బయటికి లాగింది. మిగిలినవాళ్ళంతా మునిగిపోయారు.

"నా బిళ్ళల్లో ఒక్కటైనా వంకర ఉందా? కప్పు గుండ్రంగా ఉండటం నా తప్పా?" అంది పింగళ, అప్పుడు కూడా.

ఈగలు ఆమెను గుంపులోంచి తరిమేశాయి. ఓదెలమ్మ చెప్పినట్టే ఐదు మూలల బిళ్ళలు కలిపి కప్పు మళ్ళీ కట్టాయి. తర్వాతి వానకు ఒక్క చుక్క కూడా దిగలేదు.

"నువ్వే మా మేస్త్రివి" అంది రాణి.

ఓదెలమ్మ కప్పు కింద ఖాళీగా ఉన్న గదుల వంక చూసింది. "ఈ మాట మొన్న అని ఉంటే బాగుండేది, తల్లీ" అని, నలుగురు పిల్లలకు తిండి పెట్టడానికి వెళ్ళిపోయింది.

నీతి: ఎదుట ఉన్న వంపును చూడక తన కొలతే గొప్పనుకునేవారి గర్వానికి, ఏ పాపం ఎరుగని పసివాళ్ళు బలి అవుతారు.